బత్తాయి తోటకు చిన్న ట్రాక్టరు: 15 హెచ్‌పీ మేలా, 24 హెచ్‌పీ మేలా?

నల్గొండ జిల్లా నాంపల్లి, గుర్రంపోడు వైపు నాలుగైదు ఎకరాల చెలకలో కొంత బత్తాయి, కొంత పత్తి ఉన్న రైతు చిన్న ట్రాక్టరు కొనాలనుకుంటే రెండు తరగతుల బండ్లు కనిపిస్తాయి. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 వంటి 15 హెచ్‌పీ, ఒకే సిలిండరు, టూ వీల్ డ్రైవ్ బండ్లు ఒక తరగతి. కుబోటా బి2441, మహీంద్రా జీవో 245 వంటి 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు రెండవది. వెనక తగిలించిన పనిముట్టును లిఫ్టు ఎత్తే బరువు రెండింటికీ 750 కిలోలకు అటూ ఇటూగానే ఉంటుంది కనుక ఆ అంకెను బట్టి తేల్చుకోలేము.

తేల్చేది సాలు ఎడమే. పత్తికి సాళ్ల మధ్య మామూలుగా 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు వదులుతారు. 15 హెచ్‌పీ బండి కరపత్రంలో చక్రాల వెడల్పు 28 అంగుళాలని ఉంటే, అది ఒక టైరు నడిమి నుంచి మరో టైరు నడిమికి కొలిచినది. టైరు 8 అంగుళాలదైతే బయటి అంచుల మధ్య కొలత 36 అంగుళాలకు చేరి, సాలు నిండా బండే ఉంటుంది, అటూ ఇటూ మొక్కలు ఒరుసుకుపోతాయి. అందుచేత పత్తిలో అంతరకృషికే, అంటే సాళ్ల మధ్య కలుపు తీసే దున్నకానికే, 15 హెచ్‌పీ బండి కొనేవారు విత్తేనాడే నాలుగడుగుల ఎడం పెట్టుకోవాలి. అది కుదరనివారికి ఎద్దుల గుంటకే నయం.

బత్తాయిలో లెక్క వేరు. చెట్ల మధ్య ఇరవై అడుగులున్నా, కొమ్మలు పోను తోలడానికి పన్నెండు అడుగులు మిగిలితే, 24 హెచ్‌పీ బండి నాలుగడుగుల రోటవేటరుతో మూడు సాళ్లలో ముగిస్తుంది. మూడడుగులది లాగే 15 హెచ్‌పీకి నాలుగు పడతాయి. ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీవో ఇరుసుతో మందు కొట్టేటప్పుడూ, నిండు ట్యాంకు లాగుతూ పంపు నడపడానికి పెద్ద ఇంజనుకే ఊపిరి ఉంటుంది. వాన పడ్డాక మెత్తటి నేలలో టూ వీల్ బండి వెనక చక్రం తవ్వుకుంటూ కూరుకుపోయే చోట, ఫోర్ వీల్ బండి ముందు చక్రాలతోనూ లాగి పదును పోకముందే పని ముగిస్తుంది. బత్తాయి పీచువేర్లు పైపైనే ఉంటాయి కనుక, ఏ బండితోనైనా మూడు నాలుగు అంగుళాలకు మించి దున్నరాదు.

అదే ధరకు పాత 40 హెచ్‌పీ బండి వస్తుందని ఆశపడేవారూ ఉన్నారు. రెండు టన్నులకు చేరువైన ఆ బరువు వేర్లున్న నేలను గట్టిపరుస్తుంది; ఏడాదికొక లోతు దుక్కి అవసరమైన పత్తి చేనుకు దానిని కిరాయికి పిలిస్తే చాలు.

బత్తాయి రెండెకరాలు దాటితే నా ఓటు 24 హెచ్‌పీకే. పత్తి, కూరగాయలే ఉంటే 15 హెచ్‌పీ సరిపోతుంది. ఏదైనా బయానా ఇచ్చే ముందు బండిని తోటకే తెప్పించి, కాయ బరువుకు కొమ్మలు వంగిన వరుసలో ఒకసారి నడిపించి చూసుకోవాలి.