నాన్నతో అబిడ్స్‌లో, ఆరుబయట

నాన్న హైదరాబాద్‌లోని అబిడ్స్ జీపీవోలో, అంటే పెద్ద పోస్టాఫీసులో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ పెట్టిన రోజు నుంచి దాదాపు పది నెలలు చైతన్యపురిలోని మా అపార్ట్‌మెంట్ గేటు దాటలేదు. వయసు అరవై ఎనిమిది, షుగర్ ఉంది, గుండెకు ఒక స్టెంటు వేశారు. సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి భోజనం దగ్గర, "తల్లీ, ఒక్కసారి నన్ను అబిడ్స్ దాకా తీసుకెళ్తావా? అక్కడ ఏదైనా తినొద్దాం" అన్నారు. పది నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కాదనలేకపోయాను.

హోటళ్లు 2020 జూన్ 8 నుంచే తెరిచారు. సగం కుర్చీలే వేయాలి, ఆరడుగుల దూరం ఉండాలి, గుమ్మం దగ్గర జ్వరం చూడాలి అని కేంద్ర ఆరోగ్య శాఖ రూల్స్ పెట్టింది. అరవై ఐదు దాటినవాళ్లు ఇంట్లోనే ఉండటం మంచిదని కూడా ఆ కాగితంలోనే ఉంది. బెంగళూరు నుంచి అన్నయ్య ఫోన్‌లో గట్టిగానే కోప్పడ్డాడు. చివరికి ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. ఏసీ హాల్లోకి అడుగు పెట్టకూడదు. తినేది ఆరుబయటే. జనం లేని వేళ వెళ్లాలి. ఎక్కడైనా రద్దీ కనిపిస్తే, ఆకలిగా ఉన్నా సరే, బండి తిప్పేయాలి. మెట్రో నడుస్తోంది, మాకు గాంధీభవన్ స్టేషన్ దాకా మారకుండా వెళ్లొచ్చు, అయినా నా స్కూటీ మీదే వెళ్లాం.

చోటు మంచిదో కాదో తేల్చడానికి నాన్న చెప్పిన గుర్తు ఒకటుంది. "పక్క టేబుల్ మీద సిగరెట్ తాగితే ఆ వాసన మన దాకా వస్తుందా అని ఆలోచించు. వాసన వచ్చే చోటికి వాడి ఊపిరి కూడా వస్తుంది." ఇరానీ హోటళ్లలో దశాబ్దాల పాటు టీ తాగిన మనిషి మాట అది. కరోనా గాలిలో వ్యాపిస్తుందని పెద్ద సంస్థలు గట్టిగా చెప్పడానికి కొన్ని నెలల ముందే నాన్న ఈ లెక్క కట్టేశారు. మేం వెళ్లిన ప్రతిచోటునూ ఈ లెక్కతోనే చూశాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొద్దున్న ఏడింటికల్లా మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి మీదుగా అబిడ్స్ చేరాం. ఆదివారం అక్కడ షాపులు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి స్కూటీ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ ఉండదు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్లు అప్పుడే గోనెపట్టాలు పరుస్తున్నారు. తాజ్‌మహల్ హోటల్ నాన్నకు ఎంతో ఇష్టం. అది 1948 నుంచీ ఉన్న హోటల్. ఆయన లోపల కూర్చుని తినాలనే అనుకున్నారు గానీ గుమ్మం దగ్గర ఆగిపోయి నా వైపు చూశారు. నేను మాట్లాడలేదు. "సరేలే, పార్సిల్ తీసుకో" అన్నారు. ఇడ్లీ, వడ, సాంబార్ కవర్లలో కట్టించుకుని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లాం.

1846 నాటి తోట అది. చెట్ల కింద బెంచీల మధ్య ఎంత దూరం ఉందంటే, పక్క బెంచీ మీదున్న మనిషి ముఖం కూడా సరిగ్గా కనపడదు. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు ప్లేట్లలో వడ్డించుకున్నాం. సాంబార్ కొంచెం చల్లారింది, వడ మెత్తబడింది. నాన్న మాత్రం ఒక్క మెతుకు వదల్లేదు. తింటూనే, నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ 1938లో మొదలైంది ఈ తోటలోనేనని చెప్పారు. తర్వాత 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మార్చారట. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర పాటు సాగే ఆ నుమాయిష్ 2021లో జరగలేదు. తిరుగు ప్రయాణంలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గేటు ముందు స్కూటీ ఆపమన్నారు. తాళం వేసి ఉంది. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని మిర్చీ బజ్జీ కొనిచ్చింది ఆ గేటు లోపలే. ఇద్దరం రెండు నిమిషాలు అలాగే చూసి వచ్చేశాం.

గాలి, దూరం, ఖర్చు ఏ లెక్కన చూసినా పార్సిల్ తీసుకుని తోటలో తినడాన్ని మించింది లేదు. చిక్కల్లా బాత్రూమ్‌తోనే. షుగర్ ఉన్న నాన్నను గంటన్నరకు మించి బయట ఉంచలేం. అందుకే ఆ రోజు త్వరగా బయల్దేరాం. పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందు ఈ సంగతి ఆలోచించుకుని తర్వాతే తిండి సంగతి చూసుకోండి.

మార్చి మొదట్లో అరవై దాటినవాళ్లకు టీకాలు మొదలవగానే నాన్నకు మొదటి డోసు వేయించాం. ఆ ధైర్యంతోనే బంధువుల అబ్బాయి పుట్టినరోజుకు ఒక రూఫ్‌టాప్ రెస్టారెంట్‌కి ఒప్పుకున్నాను. అది నా తప్పే. ఫోన్‌లో "ఓపెన్ ఎయిర్ మేడమ్, పూర్తిగా ఓపెన్" అన్నారు. మేడ మీదికి వెళ్తే పైన రేకులు, దోమలు రాకుండా మూడు వైపులా ప్లాస్టిక్ తెరలు, మూలన పెద్ద కూలర్. ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి చెయ్యి చాపితే అందేలా ఉంది. జ్వరం చూసే అబ్బాయి చేతిలోని యంత్రం అందరికీ ఒకే అంకె చూపిస్తోంది. వడ్డించేవాళ్ల మాస్కులు గడ్డం కింద ఉన్నాయి. మాస్కు లేకపోతే రోడ్డు మీద వెయ్యి రూపాయలు ఫైన్ వేసే రోజులవి. పక్క టేబుల్ మీది తందూరీ వాసన ఎక్కడికీ పోకుండా మా మీదే నిలిచిపోయింది. నాన్న నా చెవిలో "సిగరెట్" అన్నారు, అంతే. పిల్లాడి చేతిలో గిఫ్ట్ పెట్టి కిందికి దిగిపోయాం. పైకప్పు, తెరలు ఉన్నది హాలు కిందే లెక్క, అది ఎన్నో అంతస్తులో ఉంటేనేం. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఫోన్‌లో అంత నమ్మకంగా చెప్పి ఒక పెద్దాయనను ఆ గదిలోకి రప్పించినందుకు నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఆ రాత్రి నేరుగా ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. మొజంజాహీ మార్కెట్ వైపు తిప్పాను.

మార్కెట్‌ను మేం చూసి చాలా కాలమైంది. ఏడో నిజాం తన రెండో కొడుకు పేరిట 1935లో కట్టించిన రాతి కట్టడం. నాన్న ఉద్యోగం చేసిన రోజుల్లో గోడల మీద బోర్డులు, వైర్లు, లోపల బురద. బాగుచేసిన మార్కెట్‌ను 2020 ఆగస్టు 14న మళ్లీ తెరిచారు. దీపాల వెలుగులో ఆ గ్రానైట్ రాళ్లు, గడియారం గోపురం చూసి నాన్న స్కూటీ దిగకుండా అలాగే కూర్చుండిపోయారు. "ఇది మన మార్కెట్టేనా!" అన్నారు.

లోపలి ఆవరణకు పైకప్పు లేదు, పైన ఆకాశమే. ఫేమస్, షా లాంటి పాత ఐస్‌క్రీం దుకాణాల ముందు కుర్చీలు బయటే వేస్తారు. ఇక్కడ అది కరోనాతో వచ్చిన అలవాటు కాదు, ముందునుంచీ అంతే. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, జనం పలచగా ఉన్నారు. కుర్చీలను మేమే గోడ వైపు జరుపుకున్నాం, ఎవరూ అడ్డుచెప్పలేదు. చెక్క తొట్టెలో ఐసు, ఉప్పు వేసి చేత్తో తిప్పి చేసే పండ్ల ఐస్‌క్రీం ఇది. కాలాన్ని బట్టి పండు మారుతుంది. అప్పటికి మామిడి ఇంకా రాలేదు, సపోటా తీసుకున్నాం. ఇచ్చిన అబ్బాయి ముక్కు మీదికి మాస్కు ఉంది, కప్పు కాగితంది, డబ్బు ఫోన్‌లోనే కట్టేశాం. సపోటా గుజ్జు నాలుకకు ఇసుకలా తగులుతుంటే నాన్న కళ్లు మూసుకుని తిన్నారు. షుగర్ సంగతి ఆ ఒక్క రాత్రికి ఇద్దరం ఎత్తలేదు.

ఏడున్నర, ఎనిమిది మధ్య మాత్రం ఇక్కడికి రావద్దు. ఇంకో సాయంత్రం ఆ వేళకు వస్తే కుర్చీల కోసం జనం నిలబడి ఉన్నారు. పైన ఆకాశమున్నా, భుజాలు రాసుకుంటూ నిలబడితే హాలుకూ దీనికీ తేడా ఉండదు. మేం లోపలికి వెళ్లకుండానే తిరిగి వచ్చేశాం.

ఇరానీ చాయ్ విషయంలోనూ ఇదే జరిగింది. రెడ్‌హిల్స్ వైపు ఒక చోట సాయంత్రం అయిదింటికి రోడ్డు మీద వంద మంది దాకా మాస్కులు దించుకుని చాయ్ తాగుతూ కనిపించారు, మేం ఆగలేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్లో మాత్రం పొద్దున్న ఆరున్నరకు నలుగురైదుగురు కూడా ఉండరు. ఇంటి నుంచి తీసుకెళ్లిన స్టీలు గ్లాసులు నాన్న కౌంటర్ మీద పెట్టి, "భయ్యా, ఇస్మే డాలో" అన్నారు. ఆ పెద్దాయన ఏమీ అనుకోకుండా వేడినీళ్లతో ఒకసారి తొలిచి మరీ పోశాడు. బాత్రూమ్ వాడుకోవడానికి వెనక తలుపు కూడా తీశాడు. ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఆ హోటల్ గురించే. నాంపల్లిలోనే సుభాన్ బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు అంతకుముందే కట్టించుకున్నాం. స్కూటీ సీటు మీద పొట్లం విప్పుకుని చాయ్‌లో ముంచుకుని తిన్నాం.

గన్‌ఫౌండ్రీ వైపు ఒక సందులో దోసె బండి ఉండేది. భార్యాభర్తలిద్దరూ నడిపేవారు. ఆమె ప్లేటు మీద అరిటాకు ముక్క వేసి దోసె పెట్టేది. చాలా బండ్ల మీద ప్లేటుకు పాలిథిన్ కవర్ తొడిగి దాని మీదే కాలే దోసె వేస్తారు, ఆ వాసన నాకు పడదు. వీళ్లు బండికి రెండు గజాల దూరంలో సుద్దముక్కతో గీత గీశారు, వచ్చినవాళ్లు అక్కడే నిలబడాలి. "మా ఆయనకు ఆయాసం ఉందమ్మా, అందుకే" అంది. పెద్ద హోటళ్లలో కనపడని జాగ్రత్త ఆ బండి దగ్గర చూశాను. రెండు ఆదివారాలు తిన్నాం.

తర్వాత రెండో వేవ్. ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ, మే 12 నుంచి లాక్‌డౌన్. మొదట్లో పొద్దున్న ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలే సడలింపు. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను. జూన్ 20న పూర్తిగా ఎత్తేశారు, ఆ నెలలోనే నాన్నకు రెండో డోసు పడింది. ఆగస్టు చివర నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపేసి జనాన్ని తిరగనిచ్చారు. ఒకసారి వెళ్లాం. పిల్లలు ఉన్నవాళ్లకు బాగుంటుంది, తిండి కోసం అయితే ఆ గుంపులోకి నాన్నను మళ్లీ తీసుకెళ్లను.

నవంబరులో మళ్లీ అబిడ్స్ వెళ్లాం. ముందు గన్‌ఫౌండ్రీ సందులోకి తిప్పాను. బండి లేదు. రోడ్డు మీద సుద్దగీత ఎలాగూ ఉండదు, అయినా ఇద్దరం కిందికే చూశాం. పక్కన పళ్లు అమ్మే అతను, "లాక్‌డౌన్‌లో ఊరెళ్లిపోయారు, మళ్లీ రాలేదు" అన్నాడు. ఏ ఊరో అతనికీ తెలియదు. ఎక్కడున్నా ఇద్దరూ ఉండాలని నాన్న చేతులు జోడించారు.

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్. సీతాఫలం వచ్చేసింది. గోడ పక్కన మా కుర్చీలు మేమే వేసుకున్నాం. నాన్న కప్పు అందుకుని, మాస్కు తీసే ముందు చుట్టూ ఒకసారి చూసుకున్నారు. దగ్గరలో ఎవరూ లేరు. గోపురం మీది గడియారం ఎంతయిందో చూడమన్నారు. పది కావడానికి పావుగంట ఉంది.

"తొందరేం లేదుగా?" అన్నారు.

"లేదు నాన్నా, మెల్లగా తినండి."