విజయనగరంలో చూసిన ‘ఆదిత్య 369’, ఇంట్లో చూసిన ‘మసూద’

సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’, 2025 ఏప్రిల్‌లో 4కె హంగులతో మళ్లీ విడుదలైనప్పుడు విజయనగరంలోని ఒక హాల్లో చూశాను. కాలయంత్రం రాయలవారి కాలానికీ, ఆపైన 2504వ సంవత్సరానికీ వెళ్లే ఈ కథలో నా మనసంతా భువనవిజయం దగ్గరే నిలిచిపోయింది. బాలకృష్ణ ఒక్కరే ఇటు నేటి యువకుడిగా, అటు రాయలుగా కనిపించినా, నడకలోనూ మాటతీరులోనూ ఇద్దరూ వేరు మనుషులనే అనిపించారు. భవిష్యత్తు ఘట్టాలు మాత్రం కొంత తేలిపోయాయి. హాలువారు ధ్వని బాగా తగ్గించడంతో ఇళయరాజా నేపథ్య సంగీతం సగమే చెవిన పడింది, ఇది నిజంగా బాధాకరం.

ఇంట్లో చూసిన దెయ్యం సినిమా ‘మసూద’ (2022) రెండో సగం సాగినా, పిరికివాడైన గోపీ వణుకుతూనే పక్కింటి తల్లీకూతుళ్లకు అండగా నిలబడే తీరు భయాన్ని నమ్మదగినదిగా చేసింది. తల్లిగా సంగీత నటన అద్భుతం.