గవర్నరుపేట కార్మిక చట్ట సలహా కార్యాలయం: కంపెనీ చేతులు మారినప్పుడు నాకు అందిన సేవ

విజయవాడ పటమటలోని ఒక మందుల పంపిణీ సంస్థలో నేను చేరి అయిదు నెలల పన్నెండు రోజులయిన నాడు, సంస్థను మరో పెద్ద కంపెనీ కొనుగోలు చేసిందని చెప్పి, రెండు రోజుల్లో సంతకం చేసి ఇమ్మంటూ మా చేతికి రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి పాత కంపెనీకి మేము రాసినట్టుగా ముందే అచ్చు వేసిన రాజీనామా, రెండవది కొత్త కంపెనీ నియామక పత్రం. జీతం పైసా తగ్గలేదు కనుక కళ్ళకద్దుకొని సంతకం పెట్టేయమని ఇంట్లో అందరూ అన్నారు. ఆంధ్రా బ్యాంకులో పనిచేసిన మా బాబాయి అయితే, 2020 ఏప్రిల్ 1న తమ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు బోర్డు మారిందే తప్ప తన సర్వీసులో ఒక్క రోజు కూడా తేడా రాలేదని ధైర్యం చెప్పాడు. అయినా మనసు ఊరుకోక, తెలిసినవారు చెప్పగా గవర్నరుపేటలోని ఈ కార్యాలయానికి వెళ్ళాను.

మొదటి సంప్రదింపునకు 1,500 రూపాయలు తీసుకుంటారు. సాయంత్రం ఆరు గంటలకు రమ్మన్నారు గాని, లోపలికి పిలిచేసరికి ఎనిమిది కావచ్చింది. కూర్చోవడానికి ఉన్నవి నాలుగు కుర్చీలు, వచ్చినవారు పదిమంది. ఈ విషయంలో వారిని మెచ్చుకోవలసింది ఏమీ లేదు.

లోపలికి వెళ్ళాక మాత్రం నా అభిప్రాయం మారింది. అక్కడ సలహా ఇచ్చే పెద్దాయన నా కథంతా వినకుండానే, "వాటాలు కొన్నారా, వ్యాపారం కొన్నారా?" అని అడిగారు. రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియదు. వాటాలు మాత్రమే చేతులు మారితే యజమాని అయిన కంపెనీ అదే కనుక అసలు రాజీనామాయే అక్కరలేదనీ, వ్యాపారాన్నే మరో కంపెనీకి బదిలీ చేస్తే పాత సర్వీసు కొనసాగుతుందని కొత్త యజమాని రాసి ఇవ్వడం ముఖ్యమనీ ఆయన వివరించారు. బాబాయి ఉదాహరణ చెప్పగానే నవ్వి, ప్రభుత్వ బ్యాంకుల విలీనాలు ప్రభుత్వం నోటిఫై చేసిన పథకం ప్రకారం జరుగుతాయనీ, ఉద్యోగుల సర్వీసుకు రక్షణ ఆ పథకంలోనే ఉంటుందనీ, ప్రైవేటు కొనుగోళ్ళలో మన చేతిలోని కాగితమే మనకు దిక్కనీ అన్నారు.

తరువాత నియామక పత్రంలో 'చేరిన తేదీ' అన్నచోట పెన్సిలుతో సున్నా చుట్టారు. నేను నాలుగుసార్లు చదివినా అక్కడ కొత్త తేదీ వేసి ఉందన్న సంగతి నా కంటపడలేదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల లిఖితపూర్వక నోటీసు గాని, దానికి బదులు వేతనం గాని ఇవ్వకుండా తొలగించకూడదు. మరో పద్దెనిమిది రోజులలో నాకు దక్కవలసిన ఈ రక్షణ, ఆ కొత్త తేదీకి ఒప్పుకుంటే మళ్ళీ ఆరు నెలలు వెనక్కి పోయేది. సంస్థ బదిలీ సందర్భంలో ఇచ్చే నష్టపరిహారానికయితే ఏడాది సర్వీసు ఉండాలి, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాదిగా లెక్కిస్తారు. నాబోటి కొత్తవారికి అది ఎలాగూ అందదని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు.

నా హోదా 'అసిస్టెంట్ మేనేజర్' అని చూసి, "మీ కింద ఎవరైనా పనిచేస్తారా? సెలవు మంజూరు చేసే అధికారం ఉందా?" అని అడిగారు. నేను చేసేది బిల్లులు ఎక్కించడమే. పేరుకు మేనేజరయినా చేసే పనిని బట్టే చట్టం దృష్టిలో కార్మికుడా కాదా అన్నది తేలుతుందని ఆయన అన్నప్పుడు, ఆ హోదా చూసుకొని మురిసిపోయిన నాకు కొంచెం సిగ్గు వేసింది.

లోపం ఒకటి గట్టిగా చెప్పాలి. వారు చేతికిచ్చిన అచ్చు కాగితం ఇంకా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్లతోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది, పర్యవేక్షకులను కార్మికులుగా లెక్కించే నెల వేతన పరిమితి కూడా 10,000 నుంచి 18,000 రూపాయలకు మారింది. నేను అడిగాక పెద్దాయన నోటితో సరిదిద్దారు గాని, డబ్బు తీసుకొని పాత కాగితం ఇవ్వడం సబబు కాదు. రసీదు కూడా రెండుసార్లు అడిగితే గాని ఇవ్వలేదు.

కంపెనీకి రాయవలసిన ఉత్తరానికి మరో 2,000 రూపాయలు తీసుకున్నారు. అది ఒక పేజీ మించలేదు. కొత్త కంపెనీలో పనిచేయడానికి నేను సిద్ధమనీ, పాత చేరిక తేదీని, అప్పటివరకు గడిచిన ప్రొబేషన్ (పరీక్షా కాలం) రోజులను కొనసాగించాలనీ, రాజీనామా అవసరం ఏమిటో తెలపాలనీ అడగడమే తప్ప అందులో ఒక్క బెదిరింపు మాట లేదు. ఉద్యోగం ఉంటుందని హామీ ఇవ్వలేనని, ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆ మాట చెప్పేవారెవరినీ నమ్మవద్దని కూడా ఆయనే అన్నారు. తొమ్మిది రోజుల తరువాత సవరించిన పత్రం పాత తేదీతోనే వచ్చింది, రాజీనామా ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడికి వెళ్ళేవారు మొదటి నియామక పత్రం, జీతం చీటీలు, చేరిన నెల కనిపించే పీఎఫ్ పాస్‌బుక్కు తప్పక తీసుకువెళ్ళాలి, ముఖ్యంగా సంతకం చేయకముందే వెళ్ళాలి. అప్పటికే రెండు కాగితాల మీదా సంతకం పెట్టేసిన నా సహోద్యోగిని మరునాడు అక్కడికి తీసుకువెళ్ళాను. పెద్దాయన అతని కాగితాలు రెండుసార్లు తిరగేసి, సొరుగులోంచి వెయ్యి రూపాయలు తీసి అతనికి తిరిగి ఇచ్చేశారు.