గ్నోమ్‌ల ఆల్ట్ ట్యాబ్ మార్చి రెండేండ్లు వాడినంక

నా పని చెప్తే గాని ఈ లొల్లి ఎవరికీ అర్థం కాదు. హనుమకొండల చిన్న డీటీపీ షాపు నాది. పొద్దంత పెండ్లి కార్డులు, దరఖాస్తులు, అఫిడవిట్లు. ఏ టైముల చూసినా లిబ్రేఆఫీస్ రైటర్ (వర్డ్ అసొంటి టైపింగ్ ప్రోగ్రాం) ఫైళ్లు ఆరేడు తెరిచే ఉంటయి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇడిసిపెట్టి లినక్స్‌కు ఎందుకొచ్చినవ్ అని అడిగేటోళ్లకు జవాబు ఇంకోసారి చెప్త.

2023ల డెబియన్ 12 అనే లినక్స్ ఎక్కించుకున్న మొదటి వారమే నాకు ఒళ్లు మండింది. తెరిచిన ఒకదాన్నుంచి ఇంకోదానికి పోనీకి ఆల్ట్ ట్యాబ్ కొడితే గ్నోమ్ (అండ్లుండే డెస్క్‌టాప్) విండోలను చూపియ్యది, అప్లికేషన్లను చూపిస్తది. ఏడు రైటర్ ఫైళ్లున్నా అక్కడ ఒకటే ఐకాన్. దాని మీద కొంచెంసేపు ఆగితేనో, కింది బాణం కీ నొక్కితేనో లోపలి ఫైళ్లు కనబడతయి. గిరాకి ముందల నిలబడి ఉంటే ఆగుడు ఎక్కడిది? ఆల్ట్ పట్టుకొని ట్యాబ్ మీది కీ కొడితే అదే అప్లికేషన్ల ఫైళ్లు మారుతయి, ఆ మాట నిజమే. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌ల ఆ కీ కొడితే ఒత్వం (ొ) పడతది, అయినా షార్ట్‌కట్ చెడిపోదు, అది మెచ్చుకోవాలె. కానీ ఫైలు నుంచి ఫైలుకైతే ఒక కీ, బ్రౌజర్‌కైతే ఇంకో కీ అని చేతికి నేర్పుడు నాతోని కాలే.

సెట్టింగ్స్‌ల కీబోర్డ్, అండ్ల షార్ట్‌కట్ల జాబితా, నావిగేషన్ కింద 'స్విచ్ విండోస్'. ఖాళీగ ఉంటది. దానికి ఆల్ట్ ట్యాబ్ ఇస్తే, ఈ కీ ఇంతకుముందే 'స్విచ్ అప్లికేషన్స్'కు ఉంది, మార్చాల్నా అని అడుగుతది. మార్చుమన్న. అంతే, ప్రతి ఫైలూ తన బొమ్మతోని వేరేగ కనబడ్డది. చివరిసారి వాడిన ఫైలే ముందల ఉంటది కాబట్టి, ఒక్కసారి కొడితే కార్డుకు, ఇంకోసారి కొడితే గిరాకి పంపిన వాట్సాప్ మెసేజ్‌కు. కనబడ్డోనికల్ల చెప్పిన, దీన్ని మించింది లేదని.

ఆ మాట కొంచెం తగ్గించుకోవాల్సొచ్చింది పోయిన మాఘంల.

లగ్గాల సీజను. హసన్‌పర్తి దిక్కు నుంచి ఒక పెద్దమనిషి బిడ్డ పెండ్లి కార్డు కొట్టిపిచ్చుకుంటుండె. పొద్దుగాల ప్రూఫ్ సూపెట్టిన, రెండు పేర్లు దిద్దమని చాయ తాగనీకి పోయిండు. వచ్చేసరికి ఆల్ట్ ట్యాబ్ కొడితే ఆ కార్డు లేదు. ఇంకోసారి కొట్టిన. ఈ కొస నుంచి ఆ కొస దాక దేవులాడిన. వేరేటోళ్ల కార్డులున్నయి, ఆయనది లేదు. సేవ్ చెయ్యలే కాబట్టి ఇటీవలి ఫైళ్లల్ల కూడ లేదు. అది నా తప్పే.

"తమ్మీ, పొద్దుగాల సూపెట్టినవ్ గద, ఏడవోయింది?"

"సిస్టం హ్యాంగ్ అయింది కాకా, జర కూసో."

హ్యాంగూ లేదు, ఏం లేదు. కాయితం ముందల వెట్టుకొని మొదటికెల్లి మల్ల కొట్టిన. ఆహ్వానించువారు, బంధుమిత్రులు, విందు, ముహూర్తం, అన్నీ. నలభై నిమిషాలు వట్టింది. కాక ఒక్కమాట అనలే గాని గడియారం దిక్కే చూసుకుంట కూసున్నడు.

మాపటికి షాపు మూసేముందు సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కితే, పైన రెండో వర్క్‌స్పేస్ (విండోలు వేరేగ పెట్టుకునే ఇంకో తెర) చిన్న బొమ్మల పసుపు అంచు కార్డు సల్లగ కూసోనుంది. పొద్దుగాల జాగ కోసం నేనే అటు పోయి కొట్టిన, యాదికి లేదు. పాత పద్ధతిల ఆల్ట్ ట్యాబ్ అన్ని వర్క్‌స్పేస్‌లల్ల ఉన్నయి చూపిస్తుండె. విండోల పద్ధతికి మారితే, ముందునుంచి ఉన్న సెట్టింగ్ ప్రకారం, ఉన్న వర్క్‌స్పేస్ వరకే చూపిస్తది. మల్టీటాస్కింగ్ పేజీల అన్ని వర్క్‌స్పేస్‌లు అనే ఉంది మరి! అది అప్లికేషన్ల జాబితాకే వర్తిస్తదట. విండోలదైతే డీకాన్ఫ్ ఎడిటర్ (లోపలి సెట్టింగులు మార్చే ప్రోగ్రాం) తెరిచి, గ్నోమ్ షెల్ కింద విండో స్విచర్ల 'కరెంట్ వర్క్‌స్పేస్ ఓన్లీ'ని ఆపాలె. కీ మార్చేకాడ ఒక్క లైను రాస్తే నా నలభై నిమిషాలు మిగులుతుండె.

ఆపిన. కార్డులు ఇప్పుడు మాయమైతలేవు. కాకపోతే సీజన్ల పదిహేను బొమ్మలొస్తయి. పెండ్లి కార్డులన్నీ ఒక తీరే ఉంటయి. ఎంచుకున్నదాని పేరు ఒక్కటే కింద కనబడతది, మిగతాయి ఊహించుకోవాలె. అందుకే ఇప్పుడు ప్రూఫ్ తీసే ముందే ఊరి పేరుతోని ఫైలు సేవ్ చేస్తున్న.

2025 ఆగస్టుల డెబియన్ 13 వచ్చినంక దానికి మారిన, ఈ రెండు సెట్టింగులూ ఉన్నట్టే ఉన్నయి. నాది ఒక్కటే మానిటర్, మౌసు ముట్టుకోని అలవాటు, ఒకే అప్లికేషన్ల బోలెడు ఫైళ్లు. ఇట్ల పనిచేసేటోళ్లు మార్చుకోవచ్చు, రెండు సెట్టింగులూ ఒకేసారి. రెండు మానిటర్లు ఉన్నోళ్లకు ఇంత అవసరం పడ్తదో లేదో. షాపుల రెండో కంప్యూటర్ల నేనేం మార్చలే. దాని మీద మా మేనల్లుడు కూసుంటడు, వానికి బ్రౌజర్ ఒకటి, స్కానర్ ఒకటి, అంతే. వాడు లేనప్పుడు నేను కూసుంటే మాత్రం పది నిమిషాల దాక నా చెయ్యి కుదరది.