రాక్ కచేరీకి స్నేహితులతో వెళ్తే స్టాండింగ్ మేలా, సీటు మేలా?

పెద్ద రాక్ కచేరీకి టికెట్లు అమ్మకానికి వచ్చిన రోజున స్నేహితుల బృందంలో ముందుగా తేలవలసిన ప్రశ్న ఒకటుంది. వేదిక ముందు మైదానంలో నిలబడి చూడాలా, స్టాండ్‌లో నంబరు వేసిన సీటులో కూర్చుని చూడాలా? చాలామంది దీన్ని డబ్బు లెక్కగానో, వేదికకు ఎంత దగ్గరగా ఉంటామన్న లెక్కగానో చూస్తారు. రెండు విధాలుగానూ వెళ్లి వచ్చిన నాకు మాత్రం కొలత వేరే అనిపిస్తుంది: ఏళ్ల తరబడి కలిసి విన్న పాట ఎదురుగా మొదలైన క్షణంలో పక్కకు తిరిగితే, మనతో వచ్చినవాళ్ల ముఖం కనిపించాలి. ఆ ముఖం కోసమే కదా ఇంత దూరం కలిసి వెళ్లేది.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అమెరికా మెటల్ సంగీత బృందం మెటాలికా కచేరీ జరిగినప్పుడు మేము నలుగురం ముందు రోజు రాత్రి కాచిగూడలో రైలెక్కి వెళ్లాం. గేటు తెరవగానే పరుగెత్తి, బారికేడ్‌కు నాలుగైదు వరుసల వెనక చోటు సంపాదించి, అక్కడి నుంచి కదిలితే చోటు పోతుందన్న భయంతో గంటల కొద్దీ మంచినీళ్లకు కూడా వెళ్లకుండా నిలబడ్డాం. గిటార్ మెడ మీద వేళ్లు జారడం కంటికి కనిపించేంత దగ్గర అది. పాట మొదలైనప్పుడు ముందు వెనకల వేల గొంతులు ఒకే మాటను పలుకుతుంటే, పేరైనా తెలియని మనిషి భుజం మీద చెయ్యి వేసి మనతోపాటు గెంతుతుంటే, ఒంట్లో కలిగే ఉద్వేగానికి సాటి మరొకటి ఉందని నేను ఇప్పటికీ అనుకోను. స్టాండింగ్ కావాలని పట్టుబట్టేవారిది చిన్నపిల్లల మంకుపట్టు కాదని చెప్పడానికే ఈ మాట ముందుగా రాస్తున్నాను.

అయితే రెండో పాటకల్లా జనం ఒక్కసారిగా ముందుకు తోసుకు రావడంతో మేము నలుగురం నాలుగు దిక్కులైపోయాం. మాలో పొట్టిగా ఉండే స్నేహితురాలికి ఆ రాత్రంతా కనిపించినవి ఎదుటివాళ్ల వీపులూ, పైకెత్తిన ఫోన్లూ మాత్రమే. ఆ తోపులాటలో ఒక అమ్మాయికి ఉండే ఇబ్బంది మగవాళ్లమైన మాకు అప్పుడు తట్టనే లేదు. అంత జనంలో ఫోన్లు కూడా పని చేయలేదు. "ఎక్కడున్నావురా?" అని మా వాడొకడు కచేరీ మధ్యలో పంపిన మెసేజ్, అంతా ముగిసి నేను రోడ్డు మీదికి వచ్చిన చాలాసేపటికి నా ఫోనుకు చేరింది. మేము నలుగురం కలిసి విన్నామని చెప్పుకునే ఆ కచేరీలో నిజంగా కలిసి విన్నది ఒకటిన్నర పాట.

ఇక వినికిడి సంగతి. వేదికకు ఎంత దగ్గరైతే శబ్దం అంత బాగుంటుందనే నమ్మకం మనలో బలంగా ఉంది, కానీ అది పొరపాటు. వేదికకు రెండు వైపులా ఎత్తున వేలాడదీసే పెద్ద స్పీకర్ల వరుసలను మైదానంలో దూరంగా ఉన్నవారికి కూడా శబ్దం అందేలా వంచి అమరుస్తారు కాబట్టి, ముందు వరుసలవారికి అందులో చాలా భాగం తల మీదుగా వెళ్లిపోతుంది. వాళ్ల కోసం వేదిక అంచున చిన్న స్పీకర్లు పెట్టినా, నేల మీద ఉండే, మంద్ర శబ్దాన్నిచ్చే బేస్ స్పీకర్లు సరిగ్గా ఎదురుగానే ఉంటాయి గనుక డ్రమ్ము దెబ్బ ఛాతీకి తగులుతుందే తప్ప పాడే గొంతు అందులో మునిగిపోతుంది. చెవులకూ అది మంచిది కాదు. కచేరీల్లో ఏ 15 నిమిషాల సగటు చూసినా శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. బెంగళూరు నుంచి తిరిగి వచ్చాక రెండు రోజుల పాటు నా చెవుల్లో గీమనే మోత ఆగలేదు. మందుల దుకాణంలో దొరికే చవక ఇయర్‌ప్లగ్‌లు జేబులో ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

భద్రత విషయంలో సీటుకే మొగ్గు, ఇందులో నాకు సందేహం లేదు. 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో ది హూ బృందం కచేరీకి సీటు నంబర్లు లేని టికెట్లు పెద్ద సంఖ్యలో అమ్మడంతో, ముందు వెళ్లినవారికే మంచి చోటన్న ఆత్రంలో తలుపుల దగ్గర తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. ఆ తరువాత ఆ నగరం అలాంటి టికెట్లను నిషేధించి, 2004 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే సంగీత ఉత్సవంలో పెర్ల్ జామ్ అనే రాక్ బృందం పాడుతుండగా వేదిక ముందు ఒత్తిడికి 9 మంది ప్రాణాలు కోల్పోయారు. మన దేశంలో చూస్తే, మేము వెళ్లిన బెంగళూరు కచేరీకి రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగవలసిన మెటాలికా కచేరీ, ప్రేక్షకులకూ వేదికకూ మధ్య ఉన్న బారికేడ్ దెబ్బతినడంతో ఆగి, చివరికి రద్దయింది. చేతులు మన ఒంటికి అతుక్కుపోయి, పైకి ఎత్తడానికి వీలు కానంతగా జనం కమ్ముకున్నారంటే, ఎంత ఇష్టమైన పాట నడుస్తున్నా పక్కలకు జరుగుతూ వెనక్కి వచ్చేయవలసిందే.

పదమూడేళ్ల తరువాత, 2025 జనవరి 25న అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే కచేరీకి వెళ్లినప్పుడు సీట్లు తీసుకున్నాం. ఈసారి ఆరుగురం. పాత నలుగురితో పాటు ఒకడి భార్య, వాళ్ల పదమూడేళ్ల కూతురు. లక్షా ముప్పై రెండు వేల మంది పట్టే ఆ స్టేడియంలో మా వరుస నుంచి గాయకుడు బొటనవేలంత కనిపించాడు, ముఖం చూడాలంటే తెరే గతి. అయినా ఆ కచేరీని పూర్తిగా చూసింది స్టాండ్‌లో కూర్చున్నవాళ్లేనని నేను గట్టిగా చెప్పగలను. లోపలికి వచ్చే ప్రతివారి మణికట్టుకూ ఆ బృందం వెలిగే పట్టీలు ఇస్తుంది, వెళ్లేటప్పుడు తిరిగి తీసుకుంటుంది. పాటను బట్టి వాటి రంగులను దూరం నుంచే మారుస్తుంటారు. మైదానంలో నిలబడినవారికి తమ చుట్టూ ఉన్న నాలుగు చేతులు వెలగడమే కనిపిస్తే, మాకు స్టేడియం మొత్తం ఒక్కసారిగా పసుపు రంగులోకి తిరగడం కనిపించింది. అప్పుడు మా వాడి కూతురు తన మణికట్టును చూసుకుని, ఎదుటి స్టాండ్‌ను చూసి, "నాన్నా, అందులో మనం కూడా ఉన్నాం" అంది. ఆ మాట ఆరుగురమూ విన్నాం.

సీటుకు ఒక లోపం ఉంది, దాన్ని దాచను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి, వేదికకు 150 మీటర్ల దూరంలో ఉన్నవారికి డ్రమ్ము మీద కర్ర పడడం కనిపించిన తరువాత అర సెకనుకు కాస్త తక్కువ వ్యవధిలో చప్పుడు వినిపిస్తుంది. మధ్యలో అదనపు స్పీకర్ల స్తంభాలు పెట్టినా, వాటిని కూడా వేదిక నుంచి వచ్చే శబ్దంతో కలిసేలా ఆలస్యంగా మోగిస్తారు గనుక ఈ తేడా పోదు. దానికి తోడు ఎదుటి కాంక్రీటు గోడల ప్రతిధ్వని వేగమైన పాటల్లో మాటలను చెరిపేస్తుంది. వేగమూ, బరువూ ప్రాణంగా ఉండే మెటల్ సంగీతానికి ఇది పెద్ద నష్టం. నిదానంగా సాగే, వెలుగుల మీద ఆధారపడే కచేరీకి అంత నష్టం కాదు.

మూడో దారి ఇంట్లో చూడడం. అహ్మదాబాద్‌లో రెండో రోజు, అంటే జనవరి 26 నాటి కచేరీని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ ప్రత్యక్షంగా చూపింది. మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, ప్రయాణానికీ గదికీ అయ్యే ఖర్చు ఉండదు. రాలేని స్నేహితులు ఎవరో ఒకరి ఇంట్లో కలిసి చూస్తే అది మంచి సాయంత్రమే, కానీ కచేరీకి వెళ్లడంతో దాన్ని పోల్చలేం.

ఇక నా సలహా. నలుగురికి మించి ఉన్నా, పిల్లలో పెద్దవాళ్లో మోకాళ్ల నొప్పులవాళ్లో ఉన్నా, మరో ఆలోచన లేకుండా సీటు తీసుకోండి. వేదికకు ఎదురుగా చివర ఉన్న స్టాండ్ కన్నా పక్కవైపు స్టాండ్‌లో, వేదిక వైపు మూడో వంతులో దొరికితే దూరమూ ఆలస్యమూ తగ్గుతాయి. అయితే వేదిక వెనక్కి పోయే సీట్లను మాత్రం తీసుకోవద్దు, అక్కడి నుంచి తెర కనిపించదు. ఇద్దరు ముగ్గురు ఈడువాళ్లే వెళ్తున్నప్పుడు, అందులోనూ అది మెటల్ బృందమైతే, స్టాండింగే మేలు. కానీ బారికేడ్ వైపు పరుగెత్తకుండా, మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీరు శబ్దాలను కలిపే మిక్సర్ బల్ల పెట్టుకునే కంచె దగ్గర నిలబడండి. ఆయన తన చెవికి ఏది బాగుందో దాన్ని బట్టే మొత్తం శబ్దాన్ని సరిచేస్తాడు కాబట్టి, మైదానంలో అంతకన్నా మంచి వినికిడి దొరికే చోటు అరుదు. ఆ కంచెకు వీపు ఆనించి నిలబడితే వెనక నుంచి తోపు ఉండదు, పొట్టివాళ్లకు కూడా ముందు కొంత ఖాళీ మిగులుతుంది, నీళ్లకు వెళ్లినవాడు ఫోను లేకుండానే తిరిగి వచ్చి మిమ్మల్ని కలుసుకోగలడు. బెంగళూరులో ఆ కంచె మాకు ముప్పై అడుగుల వెనకే ఉంది. గేటు దగ్గర నుంచి పరుగెత్తేటప్పుడు దాని పక్క నుంచే వెళ్లాం.