సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న స్క్రైబస్: ఆరేళ్లు వాడాక

మా కాలనీ గ్రంథాలయం మూడు నెలలకోసారి 24 పేజీల పత్రిక వేస్తుంది. పేజీలు పేర్చే పని 2018 నుంచి నా నెత్తిన పడింది. అంతకు ముందు చేసిన పెద్దాయన పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేసేవారు. ఆ పాత సంచికల్లోని మేటర్ కాపీ చేసి ఎక్కడ పేస్ట్ చేసినా పిచ్చిగీతలే, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్) కాదు కాబట్టి. రాసేవాళ్లేమో ఇప్పుడు వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగే పంపిస్తున్నారు. దాన్ని అనూలోకి మార్చడం, మార్చినప్పుడు ఎగిరిపోయిన వత్తులు వెతికి దిద్దడం నావల్ల కాదనుకున్నాను. ప్రెస్‌కు సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల) రంగుల్లో పీడీఎఫ్ ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్ కొనడానికి గ్రంథాలయం దగ్గర డబ్బు లేదు, నా కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు 18.04 అనే లినక్స్. ఇన్ని షరతులకూ లొంగేది, పేజీలు పేర్చే ఉచిత ప్రోగ్రామ్ స్క్రైబస్ ఒక్కటే.

ఉబుంటులో స్క్రైబస్ అని కొడితే వచ్చింది 1.4. అందులో మొదట టైపు చేసిన మాట 'స్త్రీ'. తెర మీద స పక్కన ఒక పొల్లు, దాని పక్కన త, మళ్లీ పొల్లు, ర, చివర ఎవరికీ చెందని గుడిదీర్ఘం. మాట మొత్తం విప్పి ఆరబెట్టినట్టుంది. అక్షరాలను కలిపి వత్తులు కింద పేర్చే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్). ఫైర్‌ఫాక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ మనకు తెలుగు సరిగ్గా కనిపించేది దాని చలవే. స్క్రైబస్‌లోకి అది 2017లో, 1.5.3తో వచ్చింది. 1.5 వరుస అంతా డెవలప్‌మెంట్ (ఇంకా తయారీలో ఉన్న) వెర్షనే. కొత్తది కావాలంటే సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) తెచ్చుకుని మనమే కంపైల్ చేసుకోవాలని, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవాలని ఎక్కడో చదివి దిగిపోయాను. రెడీమేడ్‌గా ఆప్‌ఇమేజ్ ఫైలు కూడా ఇస్తారని తెలిసేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదికి నేనేమీ బాధపడటం లేదు, అది వేరే విషయం.

మొదటి రోజు సంగతి చెప్పాలి. అప్పటి కంప్యూటర్ రెండు కోర్ల ఐ3, 4 జీబీ ర్యామ్. కంపైల్‌కు కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసే సీమేక్ నడిపితే ఒక్కో లైబ్రరీ పేరు చెప్పి లేదు లేదంటుంది. నాకేమో అది ఉన్నట్టే కనిపిస్తోంది. ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన ప్యాకేజీ వేరు, దాన్ని వాడుకుని ఇంకో ప్రోగ్రామ్ కట్టడానికి కావలసిన 'డెవ్' ప్యాకేజీ వేరని అర్థమవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌లో బిల్డ్-డెప్ అనే కమాండ్ ఉంది, వాటిలో చాలావరకు అదే తెచ్చిపెడుతుంది. అయితే ముందు సోర్స్ ప్యాకేజీల వరుసలను రిపాజిటరీ జాబితాలో ఆన్ చేసుకోవాలి, ఉబుంటులో అవి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి.

తర్వాత, అసలు కంపైల్ చేయించే మేక్. నాలుగు పనులు ఒకేసారి చేయమని జే4 అని ఇచ్చాను. 40 శాతం దగ్గర మౌస్ కదలడం మానేసింది, హార్డ్ డిస్క్ గరగరమంటోంది. పావుగంటకు 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్: కిల్డ్' అని వచ్చి ఆగింది. కంపైలర్‌లోనే బగ్ దొరికిందేమోనని కాసేపు గర్వపడ్డాను కూడా. జరిగింది మెమరీ చాలక కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) దాన్ని చంపేయడం. ఎర్రర్‌లో 'కిల్డ్' అని కనిపిస్తే ర్యామ్ వైపు చూడండి. జే2కి తగ్గించాక గంటా పది నిమిషాల్లో పూర్తయింది. ఇప్పుడున్న 16 జీబీ మెషీన్ మీద అదే పని ఏడెనిమిది నిమిషాలు.

పూర్తయిందని సంబరపడి చూస్తే స్పెల్ చెక్ లేదు. హన్‌స్పెల్ అనే లైబ్రరీ దొరకలేదు కాబట్టి ఆ సదుపాయం ఆపేస్తున్నానని సీమేక్ చెప్పింది, నేనే పైకి స్క్రోల్ చేసి చూడలేదు. తప్పనిసరి లైబ్రరీ లేకపోతే బిల్డ్ ఆగుతుంది, ఐచ్ఛికమైనది లేకపోతే ఒక వరుసలో గొణిగి ముందుకు పోతుంది. నాకు నష్టం చేసినవన్నీ ఈ గొణుగుళ్లే. ఇప్పుడు సీమేక్ చెప్పినదంతా ఒక ఫైల్లోకి పంపి, అందులో 'నాట్ ఫౌండ్' అని వెతికాకే మేక్ కొడతాను.

ఇంకో తప్పు చేశాను, ఇది పూర్తిగా నాదే. సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి యూజర్ లోకల్ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేసి, చోటు కోసం బిల్డ్ ఫోల్డర్ తీసేశాను. ఏయే ఫైళ్లు ఎక్కడ పెట్టిందో రాసుకునే ఇన్‌స్టాల్ మానిఫెస్ట్ ఉండేది అందులోనే. అన్‌ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చినప్పుడు ఒక్కో ఫైలూ చేత్తో ఏరాను. అప్పటి నుంచి హోమ్‌లోనే ఒక ఫోల్డర్ చేసి, ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా (ఫైళ్లు పెట్టాల్సిన చోటుగా) దాన్నే ఇస్తున్నాను. సుడో అక్కర్లేదు, నచ్చకపోతే ఫోల్డర్ డిలీట్ చేస్తే సరి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంచుకోవచ్చు. కానీ ఫైలు విషయంలో జాగ్రత్త: 1.5లో సేవ్ చేసినది 1.4లో తెరుచుకోదు.

2020 లాక్‌డౌన్‌లో ఊరికే ఉండలేక ఉబుంటును 20.04కి పెంచాను. స్క్రైబస్ ఐకాన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. టెర్మినల్‌లో చూస్తే లిబ్‌పాప్లర్ 73 దొరకలేదంటుంది. పాప్లర్ పీడీఎఫ్‌లు చదివే లైబ్రరీ. 18.04లో దాని నంబరు 73, 20.04లో 97. 97కే 73 అని లింకు పేరు తగిలించి మోసం చేయబోయాను, సింబల్ దొరకలేదని వెంటనే పడిపోయింది. సరే, మళ్లీ కంపైల్ చేద్దామంటే నా దగ్గరున్న పాత సోర్స్ కొత్త పాప్లర్‌తో కంపైలే కాలేదు. పాప్లర్ లోపలి హెడర్లను (దాన్ని ఎలా వాడాలో కంపైలర్‌కు చెప్పే ఫైళ్లను) స్క్రైబస్ నేరుగా వాడుకుంటుంది, అవేమో వెర్షన్ వెర్షన్‌కూ మారిపోతుంటాయి. కొత్త సోర్స్ తెచ్చుకున్నాకే దారికొచ్చింది. 22.04కి వెళ్లినప్పుడు ఆ నంబరు 118 అయింది, మళ్లీ అదే తంతు. సోర్స్ నుంచి కట్టుకున్నదాన్ని ఆప్ట్ పట్టించుకోదు. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ దాని బాధ్యత మనదే. బిల్డ్ చేయడం ఒక రోజు టెన్షన్, అసలు ఖర్చు ఇదే.

మరి దక్కిందేమిటంటే, చెడితే వెనక్కి వెళ్లే వీలు. ఒక ఉగాది సంచికప్పుడు అర్ధరాత్రి కొత్త కోడ్ తెచ్చుకుని కంపైల్ చేశాను (అచ్చుకు ముందు రోజు చేయకూడని పని). పొద్దున ఒక వ్యాసం తెరవగానే ప్రోగ్రామ్ మూసుకుపోతోంది. కోడ్‌లో వచ్చిన ప్రతి మార్పునూ దాచిపెట్టే సబ్‌వెర్షన్‌లో వారం కిందటి రివిజన్‌కు వెనక్కి వెళ్లి మళ్లీ మేక్ కొట్టాను. మారిన ఫైళ్లను మాత్రమే కంపైల్ చేస్తుంది కాబట్టి తొందరగానే అయింది, మధ్యాహ్నానికి పీడీఎఫ్ ప్రెస్‌కు చేరింది. ప్రెస్‌లో కుర్రాడు మొదట్లో "అనూలో ఇచ్చేయండి సార్, మాకు అదే ఈజీ" అనేవాడు. ఇప్పుడు మండలి అనే యూనికోడ్ ఫాంట్ ఎక్కడ దొరుకుతుందని నన్నే అడుగుతున్నాడు.

పత్రికో, పెళ్లి కార్డో చేసుకోవాలంటే ఇప్పుడు ఎవరూ కంపైల్ చేయనక్కర్లేదు. 2024 జనవరిలో 1.6.0 స్టేబుల్‌గా వచ్చింది, తెలుగు బాగానే పేరుస్తుంది. అచ్చుకు వెళ్లే పని నేనూ అందులోనే చేస్తున్నాను. ముందేం రాబోతోందో చూడాలని కుతూహలం ఉన్నవాళ్లు, బగ్ చెబితే "తాజా కోడ్‌లో చూశారా?" అనే ప్రశ్నకు జవాబివ్వాలనుకునేవాళ్లు మాత్రం కట్టుకోండి. ఒక ఆదివారం ఖాళీగా పెట్టుకోండి. నాకు మానిటర్ కింద అంటించిన చీటీ మీద మూడు కమాండ్లున్నాయి. జే2 కొట్టేసి పక్కన జే10 అని రాసుకున్నాను.