నాలుగేళ్ల కాపియర్, రెండో ట్రే గోల

ఈ కాపియర్ మా ఆఫీసుకొచ్చి నాలుగేళ్లు దాటింది. ప్రింటుకి వంక పెట్టలేను, స్కానింగ్ కూడా చురుకే. వాటి గురించి అంతే. రాయాల్సిందల్లా రెండో ట్రే గురించి.

మూడో ఏడు మధ్యలో జామ్‌లు మొదలయ్యాయి. ఎప్పుడూ ఆగితే ఇంత బాధ లేదు. వంద కాపీలు గడగడా లాగేసి నూటొకటో కాగితం దగ్గర మొండికేసేది. సర్వీస్ ఇంజినీర్ పక్కన నిలబడితే మాత్రం ఒక్కటీ ఆగదు. అతని ముందు ఎంత బుద్ధిమంతురాలో!

తెర మీద బొమ్మ కుడి తలుపు తెరవమంటుంది. తెరిచి, కాగితం లాగేసి, మూసేవాళ్లం. నెలల తరబడి ఇదే తంతు. కాగితం ఏ సెన్సర్ దగ్గరికి వేళకి చేరలేదో ఆ బొమ్మ చెబుతుంది, ఎందుకు చేరలేదో దానికేం తెలుసు? ఈ ముక్క నా బుర్రకెక్కడానికి చాలాకాలం పట్టింది.

అప్పట్నించి లాగేముందు, కాగితాన్ని కదపకుండా దాని ముందంచు ఎక్కడ ఆగిందో చూడడం అలవాటు చేసుకున్నా. (ట్రేని విసురుగా లాగకండి. చిరిగిన ముక్క లోపలుండిపోతే అదే ఇంకో జామ్.) మెషిన్‌కి ఒక చీటీ అంటించి ఏ ట్రే, ఒక కాగితమా రెండా అని రాస్తూ వచ్చాం. మొదటి ట్రే పేరు ఒక్కసారీ రాలేదు. రెండో ట్రేలో ఎక్కువసార్లు అంచు రోలర్ల దగ్గరే ఆగిపోయి, దాని మీద నల్లగా రుద్దుకున్న మరక. కొన్నిసార్లు రెండు కాగితాలు కలిసి వచ్చాయి. ఆ ట్రేలోని కాగితాన్నే మొదటిదాంట్లో వేస్తే చక్కగా నడిచింది.

ఇక మిగిలింది రోలర్లే. పికప్ రోలర్ పై కాగితాన్ని కదిలిస్తుంది, ఫీడ్ రోలర్ లోపలికి తోస్తుంది, దాని కిందున్న సెపరేషన్ రోలర్ రెండోది వెంటపడకుండా ఆపుతుంది. అంతకుముందు ఇంజినీర్ మార్చింది పికప్ ఒక్కటే. రెండు వారాలు నడిచి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి మూడూ బయటికి తీయించి గోటితో రుద్ది చూశా. కొత్త రబ్బరు గోటికి పట్టింది, మిగతా రెండూ గాజులా జారాయి. తడిగుడ్డతో తుడిచి పెడితే రెండ్రోజులు ఒక్క జామ్ లేదు, మూడో రోజు మళ్లీ మామూలే. అనుమానం తీరిపోయింది. ఫీడ్, సెపరేషన్ రెండూ ఒకేసారి మార్పించాం.

రెండేసి కాగితాలు రావడం మాత్రం పూర్తిగా పోలేదు. అవన్నీ సెలవు తర్వాతి ఉదయాలే. ట్రేలో మిగిలిన కాగితం తేమ పీల్చుకుని ఒకదానికొకటి అంటుకునేది. ఇప్పుడు సెలవుకి ముందు సాయంత్రం మిగిలింది తీసి, రీమ్ కవర్లోనే చుట్టి పెడుతున్నాం. ట్రేలో కాగితం పక్కకి జరగకుండా పట్టి ఉంచే గైడ్లు కాగితానికి ఆనాలి, నొక్కకూడదు. అది మనవాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఈ మెషిన్ మీద నా అసలు ఫిర్యాదు వేరే. టోనర్ ఎంత మిగిలిందో అడక్కుండానే తెర మీద చూపిస్తుంది. రోలర్లు ఎన్ని కాగితాలు లాగాయో తెలిపే లెక్క మాత్రం సర్వీస్ మెనూలో దాచిపెట్టింది. అది మాకూ కనబడి ఉంటే ఆ తంతు అన్ని నెలలు సాగేది కాదు.

రోలర్లు మార్చి ఎనిమిది నెలలైంది. ఈమధ్య ఒకసారి గట్టిగా ఇరుక్కుంది. ఒకవైపు వాడిన కాగితాల్ని పిన్ను తీయకుండా ట్రేలో వేసిన మహానుభావుణ్ని నేనే.